వరండాలో ఫ్రీజర్, తలుపు తట్టక్కర్లేదు

భార్య ఊళ్లో లేనప్పుడు ఏదైనా మంచిపని చేసి ఆమెను ఆశ్చర్యపరచాలన్న కోరిక మగవాడికి కలగకూడదు. వెండెల్ కుబిచెక్‌కి అది గురువారం పొద్దున కాఫీ తాగుతుండగా కలిగింది.

వాళ్ల వెనక వరండాలో రెండు ఫ్రీజర్లున్నాయి. రెండూ తెల్లవే, రెండూ పడుకోబెట్టిన బీరువా అంతేసి ఉంటాయి. వాటిలో ఒకటి ఎండాకాలం రాకముందే ప్రాణం విడిచింది. దాని మీద వెండెల్ గేలాలు, పెయింటు డబ్బాలు, జత తప్పిన చేతి తొడుగులు పేర్చుకుంటూ వచ్చాడు. "శవాన్ని ఇంట్లో ఎన్నాళ్లుంచుకుంటావు?" అని ఆర్లిస్ అడగని వారం లేదు. "రేపు తీసేస్తా" అని అతను చెప్పని వారమూ లేదు. రెండోది బతికున్న ఫ్రీజరు. అది ఎప్పుడూ గుర్రుమంటూ ఉంటుంది. దానికి ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. ఆ తాళంచెవి ఆర్లిస్ మెళ్లో, శిలువ పక్కనే వేలాడుతూ ఉంటుంది. ఎందుకంటే అందులో ఉన్నవి ఆదివారం చర్చి పండుగలో పెట్టాల్సిన కొలాచీలు.

కొలాచీ అంటే నడుమ గుంట చేసి, ఆప్రికాట్ ముద్దో గసగసాల ముద్దో నింపి కాల్చిన తియ్యటి బన్ను. అంతకుమించి ఏమీ లేదని డ్వోరెక్ ఊళ్లో ఎవరైనా అంటే వాళ్లకి మర్నాటి నుంచి పలకరింపులుండవు. నెబ్రాస్కాలో ఆ మూల, చెక్ దేశం నుంచి వచ్చిన తాతముత్తాతలు కట్టిన ఊళ్లలో మగవాడి విలువ ఎకరాల్లో చూస్తారు, ఆడదాని విలువ కొలాచీల్లో చూస్తారు. ఆ లెక్కన ఆర్లిస్ కుబిచెక్ ఊరికి మహారాణి. పండుగలో కొలాచీల బల్ల ఎన్నో ఏళ్లుగా ఆమెదే. ఆ బల్లకి రెండో చివర నిలబడి, ఆర్లిస్ పిండి ఏ సంవత్సరం పొంగకుండా పోతుందా అని ఎదురుచూడడం డెలోరెస్ పిష్కాచ్ పని. పోయే ముందు ఆర్లిస్ మొగుడికి చెప్పింది ఒక్కటే మాట: "ఆ ఫ్రీజర్ జోలికి వెళ్లావంటే నిన్నే అందులో పెడతా." చెప్పి, లింకన్ పట్నంలో అక్కకి పిత్తాశయం ఆపరేషనంటే తోడుగా వెళ్లింది. శుక్రవారం తిరిగొస్తుంది.

ఆమె వచ్చేసరికి పాతది మాయం కావాలి. ఇదీ వెండెల్ పథకం. అందుకు అతను కాలు కదపాల్సిన పని కూడా లేదు. ఊరి రేడియోలో రోజూ పందుల ధరలకీ అంత్యక్రియల ప్రకటనలకీ నడుమ 'ఇచ్చిపుచ్చుకోలు' వస్తుంది. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, ఊరికే వదిలించుకునేవాళ్లు ఫోన్ చేస్తారు. ఆ కార్యక్రమం నడిపే మైలో బ్రాబెక్‌కి కొన్ని రూల్సున్నాయి. మనిషికి రోజుకి ఒక్క ఫోనే. తుపాకులు వద్దు. తగాదాలు వద్దు. మోటారున్న వస్తువేదైనా సరే, మనిషి వచ్చేసరికి ఆడుతూ ఉండాలి, వచ్చినవాడు చెవితో విని తీసుకుపోవాలి. ఈ రూల్సు జిల్లాలో జపమాల మంత్రం రానివాళ్లకి కూడా వచ్చు.

వెండెల్ వంటింటి గోడ ఫోన్ అందుకున్నాడు.

"ఇచ్చిపుచ్చుకోలు. చెప్పండి, లైన్లో ఉన్నారు."

"మైలో, నేను వెండెల్ని. పెట్టె ఫ్రీజర్ ఒకటుంది. ఊరికే ఇచ్చేస్తా."

"ఊరికేనా? ఏమయ్యా, ఒంట్లో బాగానే ఉందా?"

"వరండాలో చోటు కావాలి, అంతే."

"ఆడుతోందా మరి?"

వెండెల్ అబద్ధాలాడే మనిషి కాదు. కానీ నిజం చెబితే ఆ ఫ్రీజర్ని దానంగా తీసుకునే మనిషి కూడా జిల్లాలో లేడు. "దాని రోజుల్లో దాన్ని మించింది లేదు, మైలో" అన్నాడు.

"నేనడిగింది అది కాదు గానీ... సరేలే, చావుల టైమైంది. ప్లగ్గు పెట్టి ఉంచు, వచ్చినవాళ్లు విని చూసుకుంటారు. ఇంట్లో ఉంటావా?"

"కాఫీకి పోతున్నా. వెనక తలుపు తీసే ఉంటుంది. తట్టక్కర్లేదు, అడగక్కర్లేదు. ఎవరు ముందొస్తే వాళ్లది."

"విన్నారుగా. కుబిచెక్ వాళ్ల వరండాలో ఫ్రీజర్, తలుపు తట్టక్కర్లేదు. ఇక ఈ రోజు అంత్యక్రియల వివరాలు" అన్నాడు మైలో, అంత వరకు లేని గొంతు తెచ్చుకుని. వెనక ఆర్గన్ మోగింది.

వెండెల్ పాత ఫ్రీజర్ మీది సామానంతా తీసి, తడిగుడ్డతో తుడిచి, తీగ చుట్టి పైన పెట్టాడు. ప్లగ్గు పెట్టినా పెట్టకపోయినా దానికి తేడా తెలీదు కాబట్టి ఆ శ్రమ పడలేదు. తర్వాత చచ్చిన ఫ్రీజర్ని తీసుకెళ్లే అమాయకుడి మొహం చూడాల్సి వస్తుందేమోనని గబగబా కాఫీ హోటలుకి పోయి, మామూలుకంటే చాలాసేపు కూర్చున్నాడు.

తిరిగొచ్చేసరికి పాత ఫ్రీజర్ ఉన్నచోటనే ఉంది, శుభ్రంగా మెరుస్తూ. బతికున్నది ఉండాల్సిన చోట నాలుగు పలకల దుమ్ముగీత ఉంది. ఆ గీత నడుమ ఎప్పటిదో ఒక మేజోడు ఉంది.

వెండెల్ మొదట ఆ మేజోడుని చూసి "ఇది ఇక్కడుందా" అనుకున్నాడు. ఆ తర్వాత ఆ మేజోడు మీద ఏముండాలో గుర్తొచ్చింది. జరిగింది ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. వచ్చినవాడు మైలో రూల్సు తెలిసినవాడు. వరండాలో రెండు ఫ్రీజర్లు చూశాడు. ఒకటి గుర్రుమంటోంది, ఒకటి నోరు మూసుకుని ఉంది. ఇచ్చేది ఏదో చెవులున్నవాడెవడికైనా అర్థమవుతుంది. తాళం సంగతా, తాళంచెవి తర్వాత అడిగి తీసుకోవచ్చు. తలుపు తట్టవద్దన్నారు కాబట్టి తట్టలేదు. అడగవద్దన్నారు కాబట్టి అడగలేదు. ఆర్లిస్ కొలాచీలు మొత్తం, వారాల కష్టం, ఎవడి బండిలోనో ఎటో పోయాయి.

స్టేషనుకి ఫోన్ చేస్తే మైలో ఎత్తి, "ఇవాళ నీ ఫోన్ అయిపోయింది వెండెల్. రోజుకి ఒక్కటే. మా అమ్మకైనా ఇదే రూలు" అని పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం వెండెల్ కాలినడకన ఊరంతా తిరిగాడు. ఎవర్నీ అడగడానికి లేదు. అడిగితే డెలోరెస్‌కి తెలుస్తుంది. డెలోరెస్‌కి తెలిస్తే కొలాచీల బల్ల ఆ సాయంత్రానికే చేతులు మారుతుంది. ఆర్లిస్ తన మీద ఎన్ని కేకలేసినా పడతాడు, అలవాటే. కానీ ఆమె ఆ బల్ల వెనక, తెల్లటి ఏప్రన్ కట్టుకుని, ఊరంతా వరసలో నిలబడి ఉంటే చూసీ చూడనట్టు నిలబడే ఆ ఒక్క రోజు కోసం ఏడాదంతా బతుకుతుంది. ఆ రోజుని ఆమెకి లేకుండా చేసినవాడు తనే అవుతాడు. అందుకే ఇంటింటికీ వెనకనుంచి వెళ్లి, వరండా గోడలకి చెవి ఆనించి, తనకు తెలిసిన గుర్రు వినబడుతుందేమోనని విన్నాడు.

"వెండెల్, నా చెత్తకుండీ వెనక ఏం చేస్తున్నావు?"

డెలోరెస్ కిటికీలోంచి చూస్తోంది.

"పిల్లి కోసం చూస్తున్నా."

"మీకు పిల్లి లేదుగా."

"అందుకే చూస్తున్నా" అని వెండెల్ గౌరవంగా టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున మిగిలింది మళ్లీ రేడియోయే. కానీ అందులో ఓ చిక్కుంది. అదే సమయానికి ఆర్లిస్ లింకన్ నుంచి కారులో వస్తూ ఉంటుంది. కారులో ఆమె వినేది ఆ ఒక్క స్టేషనే. కాబట్టి దొంగకి మాత్రమే అర్థమయ్యేట్టు, భార్యకి అర్థం కాకుండా చెప్పాలి. వెండెల్ రాత్రంతా ఆలోచించి, ముక్కుకి బట్టల క్లిప్పు పెట్టుకుని ఫోన్ చేశాడు.

"హలో. నేను పక్క ఊరి నుంచి మాట్లాడుతున్నా."

"చెప్పు వెండెల్."

వెండెల్ క్లిప్పు తీసేశాడు. "ఫ్రీజర్ కావాలి."

"నిన్ననేగా ఒకటి వదిలించుకున్నావు."

"ఇంకోటి కావాలి. తెల్లది. పెట్టెది. తాళం వేసుంటే మరీ మంచిది."

"తాళం వేసిందా? లోపలేమైనా ఉంటేనో?"

"తిండి ఉన్నా పర్లేదు. అసలు ఉంటేనే నయం. అలాంటి ఫ్రీజర్ ఎవరింట్లోనైనా ఉంటే, తెచ్చి మా వరండాలో పెట్టేస్తే చాలు మైలో. ఎవరు, ఎందుకు అని నేను ఎవర్నీ ఏమీ అడగను."

మైలో గొంతు తగ్గించి, అంత్యక్రియలకి వాడే గొంతుతో, "వెండెల్, ఆర్లిస్ ఎక్కడుంది?" అన్నాడు.

"ఊళ్లో లేదు."

"ఎప్పుడొస్తుంది?"

"ఆ సంగతి ఇప్పుడెందుకులే" అన్నాడు వెండెల్. అనేటప్పుడు గొంతు వణికింది. అది భయంతో వణికిందని అతనికొక్కడికే తెలుసు.

తర్వాత లైన్లోకి వచ్చింది డెలోరెస్. "మైలో, నా దగ్గర గుడ్లు పెట్టే కోళ్లున్నాయి, అది తర్వాత చెప్తా. నిన్న ఈ మనిషి నా చెత్తకుండీ వెనక తచ్చాడుతూ కనిపించాడు. లేని పిల్లిని వెతుక్కుంటున్నాట్ట. ఇప్పుడర్థమైంది. ఆర్లిస్ వెళ్లిపోయింది. పోతూ పోతూ ఇంట్లో తినడానికి మెతుకు కూడా మిగల్చలేదు. నేనెవర్నీ ఏమీ అనను, కానీ కొలాచీలు బాగా చేసినంత మాత్రాన..."

"డెలోరెస్, కోళ్ల సంగతి చెప్పు."

జిల్లాలో చెత్తదిబ్బ వాళ్లు ఫ్రీజర్లు తీసుకోరు. లోపల గ్యాసుంటుందని గేటు దగ్గరే వెనక్కి పంపుతారు. అందుచేత ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ, పశువుల కొట్టం వెనకో, మెట్ల కిందో ఒక చచ్చిన ఫ్రీజర్ ఉంటుంది. దాన్ని వదిలించుకునే దారి లేక జనం ఏళ్ల తరబడి దానితోనే బతుకుతున్నారు. అలాంటివాళ్ల చెవిన, తెచ్చి వరండాలో పడేసి పొండి, నేనేమీ అడగను అని ఒక మనిషి రేడియోలో బతిమాలుకున్న మాట పడింది. అంత కమ్మటి మాట వాళ్లు చర్చిలో కూడా వినలేదు.

మొదటి బండి పక్కింటి నార్బర్ట్ వ్రానాది. "ఇదిగో వెండెల్. తాళం కూడా కొత్తది వేశా, నీకిష్టమన్నావుగా" అని దించి, భుజం తట్టి, దేనికీ ఆగకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత వరండా నిండింది. వరండా నిండాక మెట్లు, మెట్ల తర్వాత పెరడు, ఆ తర్వాత కారు దారి. ప్రతి బండి ఆగినప్పుడల్లా వెండెల్ ఆశగా పరిగెత్తి చెవి ఆనించేవాడు. ఏదీ గుర్రుమనలేదు. ఒకాయనైతే "లోపల తిండి కూడా ఉందయ్యా, రెండు చలికాలాల కిందటి జింక" అని గర్వంగా చెప్పి పోయాడు. ఫ్రీజరు లేని ఆడవాళ్లు గిన్నెలతో వచ్చారు. నూడిల్సూ కోడీ, బంగాళాదుంపలూ పందిమాంసం, మళ్లీ నూడిల్సూ కోడీ. ఇద్దరు విధవరాళ్లు గిన్నెతో పాటు జుట్టు కూడా దువ్వుకుని వచ్చారు. నిన్నటి నుంచి తిండి సహించని వెండెల్ మొహమాటానికి అన్నీ రుచి చూశాడు.

ఆర్లిస్ కారు వచ్చేసరికి ఇంట్లోకి దారి లేదు. ఆమె రోడ్డు మీదే దిగి, ఫ్రీజర్ల మధ్యనుంచి పక్కకి తిరిగి నడుచుకుంటూ వచ్చింది. గుమ్మంలో నూడిల్సు గిన్నె పట్టుకుని ఫాదర్ లాడిస్లా నిలబడి ఉన్నాడు.

"తిరిగొచ్చావా తల్లీ. దేవుడు దయామయుడు."

"ఫాదర్, నేను మా అక్క పిత్తాశయం ఆపరేషనుకి వెళ్లాను."

"అవునమ్మా" అన్నాడు ఫాదర్, ఆమె చేతిని మృదువుగా నిమురుతూ. "అందరికీ అలాగే చెబుదాం."

ఆయన వెళ్లాక ఆర్లిస్ వరండాలోకి వెళ్లి ఒక్కో ఫ్రీజర్నీ చూసుకుంటూ తిరిగింది. వంటింట్లోకి వచ్చి చేతిసంచి బల్ల మీద పెట్టింది.

"రేడియోలో అంతా విన్నాను. నాదెక్కడ?"

వెండెల్ చెప్పాడు. దాచడానికి శక్తి లేక మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు, మేజోడుతో సహా. కేకలు మొదలవుతాయని తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆర్లిస్ కేకలెయ్యలేదు. కుర్చీలో కూలబడింది. మొహం పిండి చల్లిన పీటలా తెల్లబడింది.

"తాళం? తాళం తీశారా ఎవరైనా?"

"తెలీదు. ఆర్లిస్, విను, ఇంకా ఓ రోజుంది. నువ్వు ఎలా చెయ్యాలో చెప్పు, పిండి నేను పిసుకుతా. రాత్రంతా కూర్చుందాం."

"వద్దు."

"నార్బర్ట్ వాళ్ల ఓవెన్ కూడా..."

"వద్దన్నానా" అని లేచి పడగ్గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆర్లిస్ ఒక విషయం మీద ఇంత తక్కువ మాట్లాడడం వెండెల్ ఎన్నడూ చూడలేదు. కోపమైతే ఏం చెయ్యాలో అతనికి తెలుసు. ఇది కోపం కాదు, అందుకే అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

శనివారం 'ఇచ్చిపుచ్చుకోలు' మొదలయ్యేసరికి ఇద్దరూ వంటింట్లో రేడియోకి చెరో పక్కన కూర్చుని ఉన్నారు. ఎవరో పాత ట్రాక్టరు టైర్లు అమ్మారు. ఎవరో పెళ్లి గౌను అమ్ముతూ, ఒకసారే వేసుకున్నాను, అదీ తప్పేనంది. తర్వాత నెమ్మదిగా మాట్లాడే ఓ కొత్త గొంతు వచ్చింది.

"నా పేరు గార్లెండ్ మైన్కె. పక్క జిల్లా. గురువారం మీ రేడియోలో చెప్పిన ఫ్రీజర్ నేనే తీసుకొచ్చా. భేషుగ్గా ఆడుతోంది, థాంక్సు. తాళంచెవి తెచ్చిస్తారేమోనని చూశా. ఎవరూ రాలేదు. పొద్దున తాళం పగలగొట్టా. లోపలంతా అట్టపెట్టెలు. అవేవో బన్నులు, మధ్యలో గుంటలు."

"కొలాచీలు" అన్నాడు మైలో. గొంతు పెరిగింది. "అవి ఆర్లిస్ కుబిచెక్ కొలాచీలయ్యా. రేపు పండుగకి."

"అలాగా. మరి పెట్టెల మీద కాన్సస్‌లో ఏదో ఫ్యాక్టరీ పేరు అచ్చు వేసుంది. అన్నీ ఒకటే సైజు."

రేడియో మూగబోయింది. మైలో ఇన్నేళ్లలో మాట తడుముకోవడం అదే మొదలు. ఆ నిశ్శబ్దంలో జిల్లా అంతటా చెంచాలు కప్పుల్లో ఆగిపోయి ఉంటాయి.

వెండెల్ నెమ్మదిగా తల తిప్పాడు. ఆర్లిస్ తన చేతుల్ని చూసుకుంటోంది.

"మణికట్లు పోయాయి" అంది. "మూడేళ్లయింది. పిండి పిసకలేను. కాస్త బరువెత్తితే రాత్రంతా నొప్పి. చెబితే బల్ల డెలోరెస్‌కి ఇచ్చేస్తారు. ఈ ఒక్క ఏడాదికి కానిద్దాం, ఈ ఒక్క ఏడాదికి కానిద్దాం అనుకుంటూ..."

"మరి నన్ను చేపలకి తరిమిన రోజులన్నీ?"

"కాస్త వెన్న కరగబెడితే ఇల్లంతా వాసనొస్తుంది. నువ్వొచ్చేసరికి అంతే చేసేదాన్ని."

"వేసవిలో మీ అక్క పిత్తాశయం ఆపరేషనన్నావు?"

"అది కాన్సస్."

"ఇప్పుడు?"

"ఇప్పుడు పిత్తాశయమే. మనిషికి అది ఒకటే ఉంటుంది వెండెల్. నీకు అనుమానమే రాలేదు."

వెండెల్‌కి అనుమానం రాని విషయాలు ఇంకా చాలా ఉన్నాయని అప్పుడు తట్టింది. ఈ మధ్య ఊరగాయ సీసాల మూతలన్నీ ఆర్లిస్ తనచేతే తీయిస్తోంది. తన కండబలానికి అది మెచ్చుకోలనుకుని పొంగిపోయాడు. నిండు నీళ్ల గిన్నె పొయ్యి మీదికి తననే ఎత్తిపెట్టమంటే ముసలితనంలో ముద్దు చేస్తోందనుకున్నాడు. మూడేళ్లు ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తిన్నాడు, ఆ చేతుల వైపు చూడనైనా లేదు. సిగ్గుతో అతని చెవులు కాలాయి.

"సరే" అన్నాడు మైలో, తేరుకుని. "ఇంకో లైన్లో డెలోరెస్ పిష్కాచ్ ఉన్నట్టుంది..."

వెండెల్ లేచి గోడ ఫోన్ అందుకున్నాడు. స్టేషనుకి మూడు లైన్లుండడం అతని అదృష్టం.

"మైలో, నేను వెండెల్ని. అవి నావి."

"ఏవి?"

"ఆ కాన్సస్ కొలాచీలు. నేనే కొన్నా. ఆర్లిస్‌కి తెలీదు."

"ఫ్రీజర్ తాళంచెవి ఆర్లిస్ మెళ్లో ఉంటుంది కదయ్యా. దివ్యపూజలో అందరం చూస్తూనే ఉంటాం."

"నా దగ్గర ఇంకోటుంది."

"మరి ఆర్లిస్ చేసినవో?"

వెండెల్ ఇంత దూరం ఆలోచించుకోలేదు. ఎదురుగా గోడకి ఆనించిన గేలం కనిపించింది. "చేపలకి వేశా" అన్నాడు.

"ఏమిటి?"

"గేలానికి ఎరగా వేశా. విడతలు విడతలుగా. లెక్క తగ్గితే తెలిసిపోతుందని, అవి కొని బదులు పెట్టా. నిజం చెప్పాలంటే ఆర్లిస్ కొలాచీలు నా నోటికి ఎప్పుడూ ఎక్కలేదు మైలో."

మైలో గట్టిగా ఊపిరి పీల్చుకోవడం రేడియోలో వినబడింది. కాసేపటికి, జిల్లా తరఫున తెలుసుకోవాల్సిన బాధ్యత తనకుందన్నట్టు అడిగాడు.

"చేపలు పడ్డాయా?"

"లేదు."

"మరి ఈ పెట్టెలేం చెయ్యమంటారు?" అన్నాడు గార్లెండ్, లైన్లోనే ఉండి. "మా ఇంట్లో తినేవాళ్లు లేరు. మేం లూథరన్లం, మీ చర్చివాళ్లం కాదు."

"నాకొద్దు. ఎవరైనా పట్టుకుపోనీ."

"వరండాలో పెట్టేస్తా. తలుపు తట్టక్కర్లేదని చెప్పనా?"

"చెప్పు" అన్నాడు వెండెల్. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాడు. ఆర్లిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో మొదట తెలియలేదు. రెండూనని తర్వాత తెలిసింది.

"చేపలకా?" అంది.

"ఇంకేం తోచలేదు."

"ఊళ్లో ఇక నీకు మొహం ఉంటుందా?"

"ఇప్పటిదాకా ఉన్నది మాత్రం ఏమంత బాగుంది?" అని వెండెల్ ఆమె ఎదురుగా కూర్చుని, ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఏం చెయ్యాలో తెలీక అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత వెళ్లి, మైలో ఇంకా ఏదో అంటూ ఉండగానే రేడియో కట్టేశాడు.

ఆదివారం పూజలో ఫాదర్ లాడిస్లా కృతఘ్నత మీద ప్రసంగించాడు. పేరేమీ చెప్పలేదు, కానీ ఉదాహరణల్లో చేపలు మూడుసార్లు వచ్చాయి. తర్వాత చర్చి హాల్లో పండుగ భోజనాలు. ఆర్లిస్‌ని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి ఊరి ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఆమె ఇకమీదట వంటింట్లో అడుగు పెట్టక్కర్లేదనీ, కొలాచీల బల్ల మీద ఆమె పేరు మాత్రం ఎప్పటికీ అలాగే ఉంటుందనీ, దాని కింద కూర్చుని అజమాయిషీ చేస్తే చాలనీ అక్కడికక్కడే తీర్మానించారు. ఆర్లిస్ కళ్లు ఒత్తుకుంటూ, మీరంతగా అంటుంటే కాదనలేనంది.

వెండెల్ వరసలో నిలబడితే బాతు మాంసం వడ్డించే ఆవిడ అతని కంచంలో ఎముక పెట్టింది. క్యాబేజీ ఆవిడ గరిటె దులిపింది. కొలాచీల దగ్గర డెలోరెస్ పళ్లెం వెనక్కి లాక్కుంది.

"రాత్రంతా నిద్ర లేకుండా ఒంటి చేత్తో చేశాను ఇవన్నీ. చేపలకి పెట్టడానికి కాదు."

వెండెల్ తన కంచం పట్టుకుని హాలు చివర, తుడుపు కర్రల పక్కన బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్నాడు. పోల్కా పాటలు వాయించేవాళ్లు కూడా అటు వీపు పెట్టి వాయించారు. అతనికి అంత బాధగా లేదు. హాలు అవతల మెత్తటి కుర్చీలో ఆర్లిస్ ఊరంతా తన చుట్టూ వరస కట్టి ఉంటే చూసీ చూడనట్టు కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో విశ్రాంతిగా ఉన్నాయి.

కాసేపటికి ఆమె లేచి, అందరూ చూస్తుండగా, మొగుణ్ణి క్షమించబోయే ఇల్లాలిలా తలవంచుకుని నడిచి వచ్చి అతని పక్కన కూర్చుంది. హాలంతా ముక్కులు చీదుకుంది. ఆర్లిస్ రుమాలు విప్పి, సగం కొరికిన ఆప్రికాట్ కొలాచీ అతని కంచంలోకి జారవిడిచింది.

"డెలోరెస్ చేసింది. తిను."

వెండెల్ తిన్నాడు. నమలడం ఆపి, భార్య మొహంలోకి చూశాడు. "ఇది అచ్చం నీ చేతి రుచే."

"మూడేళ్లుగా పెడుతున్నానుగా, తెలుస్తుందిలే." ఆర్లిస్ ఆ కొలాచీని వేలితో అటూ ఇటూ తిప్పి, దూరంగా బల్ల వెనక మెరిసిపోతున్న డెలోరెస్ వైపు చూసి గొంతు తగ్గించింది. "నేనైతే పెట్టెలోంచి తీసి ఒక్కోదాని మీదా వెన్నా పిండీ కలిపిన పొడి చల్లి, మళ్లీ కాస్త కాల్చేదాన్ని. ఆవిడ అదీ చెయ్యలేదు. ఊరిని మోసం చెయ్యడానికైనా కాస్త ఓపికుండాలి."